చెరుకురసం పత్యం

గౌతమి లివరు సంగతి గౌతమికంటే ముందు గల్లీకి తెలిసింది.

కుడిపక్క డొక్కలో ఏదో బరువు పెట్టినట్టుంటోందని, నాలుగు మెట్లెక్కితే ఒళ్ళు తూలిపోతోందని ఆమె ఉప్పల్ రింగురోడ్డు దగ్గరి స్కానింగు సెంటరుకు పోయింది. తోడుగా తోటికోడలు తారామణి వచ్చింది. పిత్తాశయంలో రాళ్ళుంటాయేమోనని అనుమానం. రాళ్ళు లేవు. కాగితం మీద మాత్రం ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ’ అని ఉంది. పదో తరగతి మధ్యలో బడి మానేసిన గౌతమి ఆ ఇంగ్లీషును కూడబలుక్కుంటూ ఉండగానే, పక్క కుర్చీలోని తారామణి లివర్ అన్న ఒక్క మాటను గట్టిగా పట్టుకుంది. ఉప్పల్ నుంచి నాచారం దాకా ఆటోలో నోరు విప్పలేదు. గల్లీ మొదట్లో దిగాక విప్పింది.

గౌతమి ఇంటికొచ్చి చెప్పులు విడిచేసరికి అత్త మల్లవ్వ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

“గిదేంది బిడ్డా, లివరు ఖరాబైందంట? గది తాగెటోళ్ళకు గదా వచ్చేది?”

“నేనెన్నడు తాగిన అత్తమ్మా?”

గడప అవతల నుంచి తారామణి అందుకుంది. “పోయినేడు దసరాకు మోత్కూరుల కల్లు తాగలే?”

“రెండు గుక్కలక్కా. అత్తమ్మనే పోసింది.”

“ఏమో, నీ గుక్కలు నేనేమన్న లెక్కవెట్టిన్నా?”

ఒకే ఇల్లు, రెండు పోర్షన్లు. ముందు దాంట్లో పెద్దకొడుకు, తారామణి. వెనక దాంట్లో మహిపాల్, గౌతమి, వాళ్ళ మూడున్నరేళ్ళ గీతిక. మహిపాల్ నాచారం పారిశ్రామికవాడలో మిషన్ మీద పని చేస్తాడు. గల్లీలో మాట చెల్లేది మాత్రం తారామణిదే. మెడలో తులసి పూస వేసుకుని పన్నెండేళ్ళయింది. మాంసం ముట్టదు, కల్లు వాసన పడదు. పొదుపు సంఘానికి లీడరు. ఆరేళ్ళుగా షుగరు ఉంది, బిళ్ళ వేసుకుంటుంది, బిళ్ళ వేసుకున్న ధైర్యంతో రవ్వకేసరి కూడా వేసుకుంటుంది. పూస వేసుకున్న మనిషి అబద్ధమాడదని గల్లీ నమ్మకం.

తిట్టిన నోటితోనే వైద్యం కూడా చెప్పింది తారామణి. లివరంటే కామెర్ల తావు, కామెర్లకు పసరే మందు. ఘట్‌కేసర్ అవతల ఎవరో ముసలాయన పరగడుపున పసరు పోస్తాడని తనే తీసుకుపోయింది. తరువాత ఇరవై ఒక్క రోజుల పత్యం. ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు లేదు. మూడు పూటలా చప్పిడి అన్నం, మజ్జిగ. మధ్యలో గ్లూకోజు నీళ్ళు. లివరు చల్లబడాలని పొద్దున ఒక చెంబెడు, సాయంత్రం ఒక చెంబెడు చెరుకురసం. ఆ చెంబులు తారామణి తన చేత్తోనే తెచ్చి, గౌతమి తాగేదాకా నిలబడి చూసి మరీ పోయేది. గౌతమి దండం పెట్టుకుని తాగింది. భయం అలాంటిది. ఫోనులో లివరని కొడితే నెత్తురు కక్కుకున్న వాళ్ళ వీడియోలు వచ్చాయి. బాత్రూములో తలుపేసుకుని అవన్నీ చూసింది. నేను పోతే గీతికకు జడ వేసేదెవరు, దానికి గోరుముద్ద పెడితే తప్ప దిగదని ఎవరికి తెలుసు అని కుమిలింది.

ఇరవై రెండో రోజున తూకం చూసుకుంటే నాలుగు కిలోలు పెరిగింది. ఒళ్ళు ఇంకా బరువెక్కింది.

అదే వారం ఇంకో దెబ్బ తగిలింది. గల్లీ చివర ఇంగ్లీషు బడి ఉంది. నర్సరీకి ఆయా కావాలన్నారు. ఆయా బిడ్డకు ఫీజుండదు. తను సగంలో వదిలేసిన చదువులోకి కూతుర్ని చేయి పట్టుకుని తీసుకుపోవాలని గౌతమి రెండేళ్ళుగా ఆ గేటు వంక చూస్తోంది. ఒకటో తారీఖు రమ్మని బడి నడిపే చంద్రిక మేడమ్ ముందే మాటిచ్చింది కూడా. గీతికకు కొత్త బూట్లు తొడిగి తీసుకుపోయింది గౌతమి.

మేడమ్ కుర్చీ చూపించలేదు. “ఏమీ అనుకోకమ్మా. చిన్నపిల్లలతో పని. తాగే అలవాటున్న వాళ్ళని పెట్టుకుంటే తల్లిదండ్రులు ఊరుకోరు.”

“తాగుడేంది మేడమ్?”

“మీ ఇంట్లోవాళ్ళే చెప్పారు. నీ మేలు కోరే చెప్పింది పాపం. చెబుతూ కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది.”

ఏడ్చి మరీ చెప్పిందట. బూట్లు కొత్తవి కావడంతో గీతిక టకటకమని అడుగులేస్తూ బడి వరండా అంతా తిరుగుతోంది. దాన్ని చంకనేసుకుని గౌతమి నేరుగా ముందు పోర్షనుకు పోయింది. తారామణి బియ్యం చెరుగుతోంది.

“మేడమ్‌కేం జెప్పినవక్కా?”

“ఉన్నదే జెప్పిన. లివరు వోయింది నిజం గాదా? నిన్ను దాపెట్టి పిల్లల నడుమల నిలవెడితే రేపు నాకు గదా మాటొచ్చేది. సంఘం లీడర్ని నేను.”

“నా బిడ్డ సదువే పోయింది.”

“నీ బిడ్డ కోసమే జెప్తున్న. తాగుడు బందు జెయ్యి, అంతా మంచిగైతది.” చేటలోని మెరిగలు ఊది, మళ్ళీ చెరగసాగింది.

ఆ ఊదడం గౌతమి గుండెలో నిలిచిపోయింది. కొట్లాడితే గల్లీ అంతా తారామణి వైపే నిలబడుతుందని ఆమెకు తెలుసు. అందుకే నోరెత్తలేదు. కానీ ఆ పూటే మనసులో రాసి పెట్టుకుంది: దీన్ని నేను ఊరికే విడువను.

మర్నాడు మహిపాల్ సెలవు పెట్టి ఆమెను ఉప్పల్‌లో లివరు డాక్టరు ఫణీంద్ర దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరుది కోస్తా మాట, నెమ్మదైన మనిషి. మందు తాగుతావా అని ఒకసారి అడిగాడు. లేదంటే సరేనన్నాడు. మళ్ళీ అడగలేదు. ఆ ఒక్క సరేనన్న మాటకే గౌతమికి కళ్ళు చెమర్చాయి.

“ఈ నెలలో ఏం తిన్నావో చెప్పు.”

పత్యం చెప్పింది. చెరుకురసం దగ్గరికి వచ్చేసరికి ఆయన రాయడం ఆపి కలం కింద పెట్టాడు.

“రోజూనా?”

“పొద్దున చెంబు, మాపటికి చెంబు సార్. ఇరవై ఒక్క దినాలు.”

“నీకు కామెర్లు లేవమ్మా. ఎప్పుడూ లేవు. నీ లివర్‌లో కొవ్వు పేరుకుంది. తాగకపోయినా వస్తుంది. ఒంటి బరువు, తెల్లన్నం, తీపి, కదలకుండా కూర్చోవడం, ఇవి చాలు. నువ్వు తాగిన తీపినంతా లివర్ కొవ్వుగా మార్చి దాచుకుంది. ఆరిపోయే నిప్పులో కిరసనాయిలు పోశారు మీ వాళ్ళు.”

నెత్తురు పరీక్షలో లివరు లెక్కలు ఉండాల్సిన దానికి రెండింతలున్నాయి. డాక్టరు లెక్కలు చూపించి ఒక్కొక్కటీ విడమరిచాడు. పసర్లు మానెయ్యాలి, కొన్ని ఆకులు లివర్నే చంపుతాయి. అన్నం ఒక పూట, అదీ ఒక కప్పు. కూరలు, పప్పు, గుడ్డు. తీపి నీళ్ళేవీ వద్దు. రోజూ ముప్పావుగంట, మాట్లాడితే ఆయాసం వచ్చేంత వేగంగా నడవాలి. డెబ్భై ఎనిమిది కిలోలున్న మనిషి ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గాలి. కడుపు మాడ్చుకుని ఒక్కసారిగా తగ్గకూడదు. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష.

“బిళ్ళలేం లేవా సార్?”

“నీకిప్పుడు బిళ్ళ అవసరం లేదు. నడకే బిళ్ళ.”

“పోతదా సార్? నా బిడ్డకు మూడున్నరేండ్లు.”

“తొందరగానే పట్టుకున్నాం, పోతుంది. నీ బిడ్డ పెళ్ళికి పప్పన్నం నువ్వే వడ్డిస్తావు. నువ్వు మాత్రం తక్కువ తిను.” అని నవ్వి, మహిపాల్ వైపు తిరిగాడు. “మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?”

“మా వదినెకున్నది సార్.”

“పొట్ట?”

మహిపాల్ రెండు చేతులూ చాపి చూపించాడు.

“అయితే ఆవిడను ముందు తీసుకురావాల్సింది. షుగర్ ఉన్నవాళ్ళలో సగానికి పైగా లివర్‌లో ఇదే ఉంటుంది. ఈవిడకంటే ఆవిడది ఎక్కువ చెడి ఉండొచ్చు. నొప్పి ఉండదు కనక తెలీదు. గట్టిపడిందో లేదో మిషన్ పెట్టి చూడాల్సిందే.”

ఆయన ఆవిడ మేలు కోరి అన్నాడు. గౌతమికి మాత్రం చీకట్లో కత్తిపిడి చేతికి తగిలినట్టయింది. బయటికి పోబోతూ ఆగి, “సార్, గా లివరు గట్టిగైందా లేదా జూసే మిషను, మా దిక్కు క్యాంపు వెడితే తెస్తరా?” అని అడిగింది. హాలు చూపిస్తే ఏదో ఒక ఆదివారం తెస్తానన్నాడాయన.

ఇంటికి వచ్చి డాక్టరు చెప్పినదంతా తారామణికి చెప్పింది. నిజాయితీగానే చెప్పింది, ఒక అవకాశం ఇచ్చినట్టు. తారామణి పకపకా నవ్వింది. “తాగకుంటే లివరెట్ల పోతదే? ఫీజు దీస్కున్నంక డాక్టరు గట్లనే అంటడు. పూస ఏసుకున్న నాకు రమ్మను జూద్దాం.”

వస్తదిలే అక్కా అనుకుంది గౌతమి. పైకి అనలేదు.

మరుసటి వారం చక్కెర పూసిన గొంతుతో ముందు పోర్షనుకు పోయింది. “అక్కా, ఉప్పల్ డాక్టరు మన దిక్కు ఫిరీ క్యాంపు వెడ్తడంట. ఎవలన్న ముందువడి హాలు జూపియ్యాలె. సంఘంల సత్తమ్మక్కను అడుగుదునా?”

“సత్తమ్మ లీడరెన్నడైంది?”

“ఫ్లెక్సీ గూడ కొట్టియ్యాలెనంట. ఫోటో వెట్టి.”

తారామణి చేతిలోని పని ఆగిపోయింది. “ఎంత పెద్దది?”

అంతే. మిగతాదంతా తారామణే చేసుకుంది. చంద్రిక మేడమ్‌ను అడిగి బడిలో ఆదివారం హాలు ఇప్పించుకుంది. జరీ అంచు చీరలో, చేతులు జోడించిన ఫోటోను ఫ్లెక్సీ మీద నిలువెత్తున వేయించుకుంది. పక్కన ‘లివరును కాపాడుకుందాం’ అని పెద్ద అక్షరాలు. సంఘంలో ముప్పై మందికి తనే ఫోన్లు చేసింది. ఏ ఫోటో బాగుందని గౌతమినే అడిగింది. “నీ లెక్క ఇంకొకలు ఖరాబు గావద్దనే నా పికరంతా,” అంది. ఆ మాట వినకముందు గౌతమి మనసులో ఏ మూలో పిసరంత జాలి ఉండిందేమో. విన్నాక అదీ లేదు. “పచ్చ చీరది మంచిగున్నదక్కా, మొఖం నిండుగ కొడ్తున్నది,” అంది.

క్యాంపు రోజు వచ్చేదాకా ఐదు వారాలూ గౌతమి తెల్లారుతూనే నడిచింది. కూర గిన్నె ముందుకు, అన్నం గిన్నె వెనక్కు జరిపింది. ఆకలేసినప్పుడల్లా తారామణి ముఖం గుర్తుచేసుకునేది. పగకు మించిన పత్యం లేదు. మూడు కిలోలు తగ్గింది.

క్యాంపు ఆదివారం. పొద్దున ఏమీ తినకుండా రావాలన్నారని అందరూ పరగడుపున వచ్చారు. ఎల్‌కేజీ గదిలో బెంచీలు జరిపి, బల్ల వేసి, చీర అడ్డం కట్టారు. లోపల మిషను, మిషను దగ్గర ఒక అమ్మాయి. చీరకు ఇవతల వరుస. లీడరు కనక తారామణి మొదట పోయి పడుకుంది. “సత్తమ్మా, వీడియో దీయి, గ్రూపుల పెట్టాలె,” అంటూ పోయింది. గల్లీలో ఏ మాటనూ కింద పడనివ్వని మనిషి సత్తమ్మ, ఫోను పట్టుకుని చీర పక్కన నిలబడింది.

అమ్మాయి డొక్క మీద మిషను ఆనించి పదిసార్లు నొక్కింది. “పదకొండు పాయింట్ నాలుగు,” అని రాసుకునే అతనికి వినబడేలా చెప్పింది. డాక్టరు వచ్చి మళ్ళీ చేయించాడు. మళ్ళీ అంతే.

“తారామణిగారూ, మీ లివర్ కొవ్వు దశ దాటి గట్టిపడుతున్నట్టుంది. ఈ వారంలో ఆసుపత్రికి రండి. నిర్ధారించుకోవడానికి ఇంకో పరీక్ష చేయాలి. షుగర్ మందులు కూడా మార్చాలి. అశ్రద్ధ చేయకండి.” అని చెప్పి, పక్క గదిలో కాగితాలు పట్టుకుని ఎదురుచూస్తున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

తరువాత గౌతమి పడుకుంది. “ఆరు పాయింట్ ఒకటి,” అంది అమ్మాయి. “మీది ఫరవాలేదండి.”

చీరకు ఇవతల ముప్పై జతల చెవులు ఆ రెండు లెక్కలూ విన్నాయి.

మొదట సత్తమ్మే నోరు విప్పింది. “ఏందే తారమ్మా, నీది గౌతమి దానికంటె డబులున్నట్టున్నది?”

“మిషను మంచిగ లేదు.”

“రెండుసార్లు వెట్టిన్రు గదనే.”

వరుసలో వెనక ఎవరో అన్నారు, “తులసి పూస కింద ఏమున్నదో ఎవలికెర్క.” ఇంకెవరో కిసుక్కుమన్నారు. “పొద్దుగాల రాముడు, మాపటికి సీసా,” అంది ఇంకో గొంతు.

“నేను ముట్టలే. దేవుని మీద ఒట్టు,” అంది తారామణి.

“గౌతమి గూడ గట్లనే ఒట్టు వెట్టింది,” అంది సత్తమ్మ, ఫోను దించకుండా.

గోల విని చంద్రిక మేడమ్ వచ్చింది. విషయం తెలుసుకుని, తారామణిని కిందినుంచి పైదాకా చూసింది. “మీరూనా తారామణిగారూ? ఆవేళ ఆవిడ గురించి అంత బాధపడుతూ చెప్పారే.”

తారామణి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తరువాత గబగబా వచ్చి గౌతమి చేయి పట్టుకుంది. “గౌతమీ, జెప్పే జర. డాక్టరు నీకు జెప్పిండంటివి గదా, తాగకున్నా వస్తదని. మేడమ్‌కు జెప్పు.”

ఐదు వారాలుగా గౌతమి ఈ క్షణాన్ని నమిలి నమిలి ఉంచుకుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. తారామణి బతికినంత కాలం ఈ గల్లీలో దొంగచాటుగా తాగే మనిషై ఉంటుంది. కానీ తను నోరు మూసుకుంటే ఆ మచ్చ తన మీదా అలాగే ఉంటుంది, గీతికకు ఆ గేటు తెరుచుకోదు. నోరు తెరిచి నిజం చెప్తే తన పేరు బాగుపడుతుంది, దాంతోపాటు దీని పేరు కూడా ఉచితంగా బాగుపడుతుంది. గౌతమికి ఆ ఉచితం గొంతులో అడ్డంపడింది. మేడమ్ చేతి గడియారం చూసుకుంది.

“నేను జెప్తే ఎవలింటరక్కా?” అంది గౌతమి, నెమ్మదిగా, అందరికీ వినబడేలా. “నాది తాగుబోతు లివరాయె. అప్పుడు మేడమ్‌కు జెప్పింది నువ్వే గదా. ఇప్పుడు గూడ నువ్వే జెప్పు.”

“ఏం జెప్పాలె?”

“తాగకుంటే లివరు పోతదా, పోదా?”

తారామణి పెదవులు తడుపుకుంది. “పోతదంట.”

“ఎవలికి వోయింది గట్ల?”

“నాకు.”

“ఇంకెవలికి?”

తారామణి ఆ పేరు పలకకుండా తన పేరు కడుక్కునే దారి వెతికింది. లేదు. “గౌతమికి,” అంది.

“మరి మేడమ్‌కు ఏడ్సుకుంట జెప్పిందేంది?”

“తెల్వక జెప్పిన.”

“తెల్వక గాదక్కా. నేనొచ్చి జెప్తే నవ్వినవు. తెలిసినంక గూడ మేడమ్ దిక్కు వోయి మల్ల జెప్పలేదు. గది గూడ జెప్పు.”

తారామణి కళ్ళనుంచి ఈసారి నిజమైన నీళ్ళే కారాయి. “సత్తమ్మా, ఫోను బందు జెయ్యవే.”

“నువ్వే గదా లీడరమ్మా తీయమన్నవు,” అంది సత్తమ్మ.

“జెప్పలే,” అంది తారామణి తల వంచుకుని. “గౌతమి తాగది. నేనే ఊరంత అన్న. నాది తప్పు.”

గౌతమి చేయి విడిపించుకుని మేడమ్ వైపు తిరిగింది. మేడమ్ చూపు పక్కకు తిప్పుకుంది. “ఆ ఉద్యోగంలో వేరే ఆవిడ చేరిపోయింది కదమ్మా. చూద్దాంలే, తరువాత ఒకసారి ఆఫీసుకి రా, మాట్లాడదాం.”

“నాకు నౌకరి లేదన్న సంగతి గల్లీ అంతా ఎర్కైంది మేడమ్. ఉన్నదో లేదో గది గూడ గల్లీ ముంగటనే జెప్పున్రి.”

ఇంత మాట గౌతమి నోటినుంచి వస్తుందని ఆ గదిలో ఎవరూ అనుకోలేదు, గౌతమితో సహా. వరుసలోని వాళ్ళలో సగం మంది పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారు. అందరూ మేడమ్ వైపే చూస్తున్నారు. మేడమ్ గొంతు సవరించుకుంది. “యూకేజీ ఆయా ఈ నెలాఖరుకి మానేస్తోంది. ఒకటో తారీఖున రా గౌతమీ. పాపని కూడా తీసుకురా. నేను పొరపడ్డాను.”

గౌతమి దండం పెట్టింది, పొడిగా.

ఆ వారం తారామణిని ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా గౌతమే. తారామణి మొగుడికి సెలవు దొరకలేదు. ఇంకా చేయి దాటిపోలేదని, ఇప్పుడు గనక ఒళ్ళు తగ్గించి షుగరు కట్టడి చేసుకోకపోతే దాటుతుందని డాక్టరు చెప్పాడు. తారామణి దారంతా ఏడ్చింది. ఆ ఏడుపు ఎలాంటిదో గౌతమికి తెలుసు. బాత్రూములో తలుపేసుకుని తనూ ఏడ్చింది అదే. తెలిసి కూడా వీపు నిమరలేదు.

మర్నాడు తెల్లారి ఆరింటికి పోయి ముందు పోర్షను తలుపు కొట్టింది. తారామణి కొంగు చుట్టుకుని వచ్చింది. ఇద్దరూ మెయిన్ రోడ్డు వెంట నడిచారు. ఫ్యాక్టరీ బస్సులు పోతున్నాయి. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ, “ఏం తారమ్మా, లివరెట్లున్నది?” అని అడుగుతున్నారు. అడిగిన ప్రతిసారీ గౌతమి ఆగి, తారామణి జవాబు చెప్పేదాకా ఓపికగా నిలబడింది. రెండో మలుపు దగ్గర తారామణి మూసి ఉన్న టీ కొట్టు గద్దె మీద చేయి ఆనించి రొప్పింది.

“జర కూసుంటనే.”

“డాక్టరు ముప్పావుగంట అన్నడు. ఇరవై నిమిషాలు గూడ గాలే. నడువక్కా.”

“నన్ను సంపనీకె తీస్కవోతున్నవా, బతికియ్యనీకె తీస్కవోతున్నవా?”

గౌతమి తన కొంగు బిగించుకుంది. “నువ్వు బతకాలె అక్కా, మస్తు దినాలు బతకాలె. సస్తే అందరు మర్సిపోతరు.”

తారామణి ఆమె ముఖంలోకి చూసింది, అందులో నవ్వు కోసం వెతికింది. తరువాత గద్దె మీదినుంచి చేయి తీసి, మెల్లగా అడుగు వేసింది.